బొగ్గు ఎవరిది? చరిత్ర వ్యాసం రాస్తున్న ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఐరోపా సమాజాన్ని, ఆర్థిక వ్యవస్థను రాచరికమూ పారిశ్రామికీకరణా ఎలా మలిచాయో వివరిస్తూ నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నీ భాష శుభ్రంగా ఉంది, విషయం మీద ప్రేమ ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. అయితే వ్యాసం మొదటి సగమంతా రాజులూ వంశాలూ, రెండో సగమంతా యంత్రాలూ నగరాలూ నిండిపోయి, ఆ రెండూ ఒకదానికొకటి ఎక్కడా ఎదురుపడకుండానే ముగిసిపోయింది. ‘పారిశ్రామికీకరణ సమాజాన్ని మార్చివేసింది’, ‘రాచరికం ప్రగతికి అడ్డుపడింది’ వంటి వాక్యాలు మాటిమాటికీ వచ్చాయి. ఈ వాక్యాల్లో ఆజ్ఞ ఇచ్చినవాడు లేడు, కూలి చేసినవాడు లేడు, లాభం తీసుకున్నవాడు లేడు. చరిత్ర రాసేటప్పుడు క్రియకు కర్తను వెతికి పట్టుకోవడమే మన మొదటి పని అని నేను నమ్ముతాను. అందుకని నీ వ్యాసాన్ని సరిదిద్దడం కంటే, దాన్ని మళ్లీ రాయడానికి ఒక దారి చూపడం మేలనిపించింది.

ఆవిరి యంత్రం, నూలు మిల్లు, రైలు, నగరం అంటూ అన్నింటినీ ఒకే వ్యాసంలో కూర్చే ప్రయత్నం మానుకుని బొగ్గు ఒక్కదాన్ని పట్టుకో. న్యూకొమెన్ ఆవిరి యంత్రం 1712లో తొలిసారి పనికి దిగింది బొగ్గు గనిలోని నీటిని తోడడానికే. 1825లో స్టాక్‌టన్, డార్లింగ్టన్ పట్టణాల మధ్య రైలు మార్గం వేసింది ప్రధానంగా బొగ్గు రవాణాకే. కనుక బొగ్గు వెంట నడిస్తే మిగిలినవన్నీ దారిలో ఎదురవుతాయి. నడక మొదలుపెట్టే ముందు నిన్ను నువ్వు అడగవలసిన ప్రశ్న ఇది: నేల కింద ఉన్న ఆ బొగ్గు ఎవరిది?

ఇంగ్లండులో 1568లో ఎలిజబెత్ రాణికీ నార్తంబర్లాండ్ ప్రాంతపు ప్రభువైన ఎర్ల్‌కూ మధ్య ఒక దావా నడిచింది. బంగారం, వెండి ఉన్న గనులు రాణివని న్యాయమూర్తులు తేల్చారు. బొగ్గు మాత్రం భూమి ఎవరిదైతే వారిదే అయింది. రెండు శతాబ్దాల తరువాత ఇంగ్లండులో పరిశ్రమ ఎవరి చేతుల్లో పెరిగిందో అర్థం చేసుకోవడానికి ఈ ఏర్పాటు చాలా అవసరం. యంత్రయుగం రాగానే భూస్వాములు వెనక్కి వెళ్లిపోయి మిల్లు యజమానులు ముందుకు వచ్చారని నువ్వు రాశావు. బొగ్గు విషయంలో అలా జరగలేదు. వర్స్‌లీలోని తన గనుల నుంచి మాంచెస్టర్‌కు 1761లో కాలువ తెరిపించినవాడు బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ అనే పెద్ద భూస్వామి. ఆ కాలువతో మాంచెస్టర్‌లో బొగ్గు ధర సుమారు సగానికి తగ్గింది. కాలువ తవ్వడానికి పార్లమెంటు చట్టం కావాలి, చట్టానికి రాజు ఆమోదం కావాలి. అయితే 1708లో ఆన్ రాణి ఒక బిల్లును తిరస్కరించిన తరువాత ఏ బ్రిటిష్ పాలకుడూ ఆ పని చేయలేదు. అంటే సంతకం రాజుది, నిర్ణయం భూమీ బొగ్గూ ఉన్న పార్లమెంటు సభ్యులది. అక్కడి రాచరికం పరిశ్రమను అడ్డుకోలేదు, నడిపించనూ లేదు. ఆస్తిపరుల నిర్ణయాలకు ముద్ర వేసింది. ఆ ముద్ర పడిన చట్టాలు అందరికీ స్వేచ్ఛనిచ్చాయని మాత్రం తొందరపడి రాయకు. స్కాట్లాండులో 1606 నాటి చట్టం బొగ్గు పనివాళ్లను యజమానికి కట్టిపడేసింది. యజమాని అనుమతి పత్రం లేకుండా వారు మరొకచోట పనికి కుదరడానికి వీల్లేదు. ఆ కట్టు పూర్తిగా తెగింది 1799లో.

నీ వ్యాసంలో విక్టోరియా రాణి పట్టాభిషేకానికి ఒక పేరా కేటాయించావు. ఆ పట్టాభిషేకం 1838 జూన్ 28న జరిగింది. సరిగ్గా ఆరు రోజుల తరువాత, జూలై 4న, యార్క్‌షైర్‌లోని సిల్క్‌స్టోన్ గ్రామంలో ఉరుములతో వడగళ్లవాన కురిసింది. హస్కర్ గనిలో మనుషుల్ని పైకి లాగే ఆవిరి యంత్రం ఆగిపోయింది. కింద ఉన్న పిల్లలు కొందరు, నడిచి బయటపడే ఏటవాలు సొరంగం వైపు వెళ్లారు. గాలి ప్రవాహాన్ని మళ్లించడానికి అమర్చిన తలుపు ఒకటి దాటాక, పొంగిన వాగు నీరు సొరంగంలోకి దూసుకువచ్చి వారిని వెనక్కి తోసి ఆ తలుపుకే అదిమివేసింది. ఇరవై ఆరుగురు చనిపోయారు. పదకొండుమంది ఆడపిల్లలు, పదిహేనుమంది మగపిల్లలు. వారిలో అందరికంటే చిన్నవాడి వయసు ఏడేళ్లు. ఆ ఊరి చర్చి ఆవరణలో 1841లో నిలబెట్టిన స్మారకశిల మీద వారి పేర్లూ వయసులూ చెక్కి ఉన్నాయి. దాని మీది రాత ఈ ఘోరాన్ని సర్వశక్తిమంతుడు కలిగించిన భయానక ఘటనగా వర్ణిస్తుంది. దేవుడు ఉరుమునూ మెరుపునూ వడగళ్లనూ పంపాడంటుంది. ఏడేళ్ల పిల్లవాణ్ణి బావిలోకి ఎవరు, ఎంత కూలికి, ఎందుకు దింపారన్నది ఆ రాతలో లేదు. నీ వ్యాసంలోని ‘పారిశ్రామికీకరణ వల్ల బాలకార్మిక వ్యవస్థ పెరిగింది’ అనే వాక్యాన్ని ఈ రాత పక్కన పెట్టి చూడమ్మా. రెండింటిలోనూ మనిషి చేసిన పని మనిషి చేయనట్టుగానే ఉంది.

ఆ తరువాత జరిగిన దాన్ని జాగ్రత్తగా, ఎవరి వాటా ఎంతో విడదీసి రాయాలి. ఆష్లీ ప్రభువు పట్టుదలతో 1840లో ఒక రాయల్ కమిషన్, అంటే రాణి పేరు మీద నియమించే విచారణ సంఘం, ఏర్పడింది. విచారణాధికారులు గనుల్లో పనిచేసే పిల్లల దగ్గరికే వెళ్లి వారి మాటలు రాసుకున్నారు. గాబర్ గనిలో గాలి తలుపు తెరిచి మూసే ఎనిమిదేళ్ల సారా గూడర్ చెప్పినది ఆ నివేదికలో ఉంది: తెల్లవారుజామున నాలుగింటికి, ఒక్కోసారి మూడున్నరకే వెళ్తుంది; దీపం లేకుండా కూర్చోవాలి గనుక భయం వేస్తుంది; వెలుతురు ఉన్నప్పుడు అప్పుడప్పుడు పాడుకుంటుంది, చీకట్లో పాడే ధైర్యం చాలదు. 1842లో నివేదిక, గనుల్లో పిల్లలూ స్త్రీలూ బొగ్గు బండ్లు లాగుతున్న బొమ్మలతో సహా, అచ్చయి బయటకు వచ్చేసరికి దేశం కలవరపడింది. అదే సంవత్సరం వచ్చిన చట్టం స్త్రీలనూ ఆడపిల్లలనూ, పదేళ్లలోపు మగపిల్లలనూ భూగర్భ పనిలోకి దింపకూడదంది. లార్డ్స్ సభలో దాన్ని గట్టిగా ఎదిరించినవాడు లండన్‌డెరీ మార్క్వెస్, స్వయంగా పెద్ద గనుల యజమాని. రాణి పేరు మీద విచారణ, ప్రభువుల సభలో ప్రతిఘటన, చివరికి రాణి ఆమోదంతో చట్టం. ఇందులో ‘రాచరికం’ అనే ఒక్క మాటతో దేన్ని ఉద్దేశిస్తావు? కిరీటాన్నా, ప్రభువర్గాన్నా, ప్రభుత్వ యంత్రాంగాన్నా? వ్యాసంలో ఆ మాట వాడిన ప్రతిచోటా ఈ మూడింటిలో ఏదో తేల్చుకుని రాయి.

ఇంకొక మాట. ఆ చట్టాన్ని పొగిడి పేరా ముగించకు. గనుల్లోంచి పంపేసిన స్త్రీలకు పరిహారం గానీ మరో పని గానీ చూపలేదు. దేశం మొత్తానికి మొదట నియమించిన తనిఖీ అధికారి ఒక్కడే. దయగల చట్టం కూడా ఒక ఇంట్లో పొయ్యి ఆర్పగలదని తెలియజేయడం నీ బాధ్యత.

ఇక ఇంగ్లండు దాటి, జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యాకు రా. నీ వ్యాసంలో దాదాపు లేనిది ఇదే, ఎక్కువ చోటు ఇవ్వవలసినదీ ఇదే అని నా అభిప్రాయం. అక్కడ ఖనిజాల మీద హక్కు పాలకుడిది. ప్రష్యా పశ్చిమాన ఉన్న రూర్ ప్రాంతంలో బొగ్గు తవ్వే పెట్టుబడిదారు ఉన్నా, గనిని నడిపే పద్ధతి, బొగ్గు ధర, కూలి రేటు, పని గంటలు రాజు నియమించిన గనుల అధికారులే నిర్ణయించేవారు. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1767లో గని పనివాళ్లకు సైనిక సేవ నుంచి మినహాయింపుతో సహా ప్రత్యేక హక్కులు ఇచ్చాడు. జబ్బుపడినవారిని, వితంతువులను ఆదుకునే సహాయనిధులూ ఉండేవి. గని కార్మికుడు తనను రాజు మనిషిగా, గౌరవం గల వృత్తివాడిగా భావించుకునేవాడు. 1851 నుంచి 1865 వరకు వరుసగా వచ్చిన చట్టాలు ఈ ఏర్పాటును తొలగించి గనులను యజమానుల ఇష్టానికి వదిలేశాయి. ఉత్పత్తి పెరిగింది. 1850లో సుమారు 20 లక్షల టన్నులు ఉన్న రూర్ బొగ్గు 1913 నాటికి 11 కోట్ల టన్నులు దాటింది. పని వేళలు సాగాయి, పాత హక్కులు పోయాయి, వాటి జ్ఞాపకం మాత్రం పోలేదు.

ఆ జ్ఞాపకం 1889 మే నెలలో బెర్లిన్ రాజభవనం దాకా నడిచింది. రూర్‌లో దాదాపు 90 వేలమంది గని కార్మికులు సమ్మెకు దిగారు. బావిలోకి దిగడానికి, పైకి రావడానికి పట్టే సమయంతో కలిపి ఎనిమిది గంటల షిఫ్టు కావాలన్నారు. మే 14న ముగ్గురు కార్మిక ప్రతినిధులు ప్రష్యా రాజూ జర్మన్ సామ్రాజ్యపు యువ చక్రవర్తీ అయిన రెండో విల్‌హెల్మ్ ఎదుట నిలబడ్డారు. తాతముత్తాతల కాలం నుంచి తమకున్నదాన్నే అడుగుతున్నామని వారి విన్నపం. కొద్ది నిమిషాల ఆ సమావేశంలో ఆయన వారి మాట విన్నాడు, విచారణ జరిపిస్తానన్నాడు, సమ్మెలో సోషలిస్టు పార్టీవారైన సోషల్ డెమొక్రాట్ల హస్తం ఉందని తేలితే కాల్పులు జరిపిస్తానని హెచ్చరించాడు. ఆ వెంటనే యజమానుల ప్రతినిధులనూ పిలిపించుకుని మాట్లాడాడు. రాజు తమ తండ్రి అనే నమ్మకం, యంత్రయుగపు సమ్మె, తుపాకీ బెదిరింపు, ఈ మూడూ ఒకే గదిలో ఉన్న ఆ నిమిషాలను నువ్వు నెమ్మదిగా, వివరంగా రాయాలని నా కోరిక.

జర్మన్ ప్రభుత్వాధినేత (ఛాన్సలర్) బిస్మార్క్ తెచ్చిన 1883 జబ్బు బీమా, 1884 ప్రమాద బీమా, 1889 వృద్ధాప్య పింఛను చట్టాలను నువ్వు ‘సంక్షేమ రాజ్యానికి నాంది’ అన్నావు. నిజమే. ఆయన ప్రభుత్వమే 1878లో సోషలిస్టుల సభలనూ పత్రికలనూ నిషేధించిందని కూడా అక్కడే రాయి. జబ్బు బీమాకు గని కార్మికుల పాత సహాయనిధులు ఒక నమూనా అని చెప్పు. అదే ప్రష్యాలో పన్ను కట్టినదాన్ని బట్టి ఓటర్లను మూడు తరగతులుగా విభజించేవారు. ఎసెన్ నగరంలో కొన్నేళ్లపాటు మొదటి తరగతి ఓటరు ఉక్కు యజమాని క్రుప్ ఒక్కడే. నగరసభలో మూడోవంతు సభ్యులను ఆయన ఓటే నిర్ణయించేది. ఒక చేత్తో పింఛను ఇచ్చి మరో చేత్తో ఓటు విలువ తగ్గించిన రాజ్యం అది. ప్రజలు దాన్ని ఊరకే ఒప్పుకోలేదు. 1912 జర్మన్ పార్లమెంటు ఎన్నికల్లో సోషల్ డెమొక్రాట్లు 110 స్థానాలతో అతిపెద్ద పార్టీ అయ్యారు.

రష్యా గురించి నువ్వు రాసిన నాలుగు పేజీలను ఒక పేరాకు కుదించవచ్చు. 1861లో భూదాస్యం రద్దయినా, రైతులు తమ భూమికి 49 ఏళ్లపాటు వాయిదాలు కట్టాలనడం. 1870 ప్రాంతంలో, నేటి తూర్పు ఉక్రెయిన్ వైపు ఉన్న దోన్‌బాస్‌లో జాన్ హ్యూస్ అనే వెల్ష్ పారిశ్రామికవేత్త జార్ ప్రభుత్వ ఒప్పందంతో ఇనుప కర్మాగారాలు, బొగ్గు గనులు పెట్టడం. 1905 జనవరిలో జార్‌కు విన్నపం ఇవ్వడానికి పీటర్స్‌బర్గ్ కార్మికులు ఊరేగింపుగా వస్తే సైన్యం కాల్పులు జరపడం, ఈ మూడు చాలు. బెర్లిన్‌లో బెదిరింపుగా వినిపించిన మాట అక్కడ నెత్తురుగా పారింది. పాఠకుడు ఆ పోలికను తానే చూడగలడు, నువ్వు వివరించనక్కర్లేదు.

నువ్వు బొగ్గు బావుల ఊళ్లో పెరిగినదానివి. 1886లో నిజాం రాజ్యంలోని ఇల్లెందు బొగ్గును తవ్వుకునే హక్కు ఇంగ్లండులో నమోదైన ఒక కంపెనీ చేతికి వెళ్లిందని నీకు తెలిసే ఉంటుంది. ఐరోపా వ్యాసంలోకి దాన్ని లాగవద్దు, అది వేరే వ్యాసం. కానీ బావిలోకి దిగి వచ్చిన మనిషి ముఖం, షిఫ్టు దిగే వేళ ఇంట్లో ఎదురుచూపు నీకు దగ్గరగా తెలుసు. సారా గూడర్ గురించి రాసేటప్పుడు ఆ ఎరుక నీ వాక్యానికి తోడుండాలి. జాలి మాటలు పోగుచేయకుండా, ఆ పిల్ల చెప్పినదాన్ని చెప్పినట్టే ఉంచు.

అంకెలు తక్కువగా వాడు, వాడినవి సరిచూసుకో. బ్రిటన్ బొగ్గు ఉత్పత్తి 1800లో సుమారు కోటి టన్నులు, 1913లో 28 కోట్ల టన్నుల పైచిలుకు. ఈ రెండు అంకెల మధ్య గనిలోకి దిగినవారు, గనిలో లాభం తీసినవారు, చట్టం చేసినవారు ఎవరెవరో చెప్పగలిగితే పట్టికలు అవసరం లేదు.

వ్యాసాన్ని 1838 జూన్ 28 దగ్గర మొదలుపెట్టి 1889 మే 14 దగ్గర ఆపి చూడు. ఆ హద్దుల్లో ఇమడనిది ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టు. 1568 దావా, 1767 హక్కులు, 1905 కాల్పులు, 1912 ఎన్నికలు అవసరమైన చోట ఒక్కో వాక్యంగా వస్తాయి. రాయడం పూర్తయ్యాక ప్రతి పేరాలోనూ క్రియల కింద గీత గీసి, కర్త ఎవరో పక్కన రాసుకో. ఖాళీ మిగిలిన చోట మళ్లీ పుస్తకాలు తెరువు. కొత్త ప్రతి సిద్ధమయ్యాక పంపు, చదివి రాస్తాను.

ఆశీస్సులతో,
నీ మేలు కోరే పెద్దమనిషి