ఉప్పాడ, 2090: కొత్త రచయిత్రికి ఒక ఉత్తరం

అమ్మాయ్, ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. "సార్, తెలుగులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ చదివేవాళ్ళు అసలు ఉన్నారా, నేను ఊరికే టైమ్ వేస్ట్ చేసుకుంటున్నానా?" అని అడిగావు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు కథ.

2090లో ఉప్పాడ. సగం ఊరు సముద్రంలో కలిసిపోయింది. మంచి ఊరు ఎంచుకున్నావు. ఇప్పటికే తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు కోసుకుపోతోంది, ఒడ్డునున్న ఇళ్ళు అలలకి కూలిపోతున్నాయి. మన రాకెట్లు సూళ్ళూరుపేట పక్కనుంచి ఎగురుతుంటే, మన కుర్రాళ్ళ కథల్లో గ్రహాంతరవాసులు మాత్రం న్యూయార్క్‌లోనే దిగుతుంటారు. నువ్వు ఆ పని చెయ్యనందుకు సంతోషం.

కానీ మొదటి నాలుగు పేజీలు సముద్రమట్టం ఎందుకు పెరిగింది, ఏ దేశం ఏ ఒప్పందాన్ని ఎగ్గొట్టింది అని చెప్పుకుంటూ పోయావు. అందులో ఒక్క ముక్క నాకు ఎక్కలేదు. తప్పులున్నాయని కాదు, అక్కడ మనిషన్నవాడు లేడు. ఐదో పేజీలో నీ నేతగాడు మగ్గం ముందు కూర్చుని కాళ్ళు గుంటలోకి దించుతాడు. గుంటలో ఉప్పునీరు ఊరి ఉంటుంది. చీలమండల దాకా నీళ్ళలో పెట్టుకునే తొక్కుతుంటాడు. కూతురు చెంబుతో తోడి బయట పోస్తుంటుంది, మళ్ళీ ఊరుతుంటుంది. ఇద్దరూ ఆ నీళ్ళ గురించి ఒక్క మాట మాట్లాడుకోరు, చీర ఎప్పటికి దిగుతుందో అని లెక్కలు వేసుకుంటారు. అదుగో, అక్కడ నమ్మాను 2090 అంటే. కథ అక్కడే మొదలుపెట్టు. ఆ నాలుగు పేజీలు నీ నోట్సులో ఉంచుకో. నీకు తెలిసి ఉండాలి, పాఠకుడికి అప్పజెప్పక్కర్లేదు.

ఇంకొన్ని ప్రశ్నలు. నీళ్ళు ఊరుతుంటే గుంట మగ్గం వదిలేసి పైన స్టాండు మగ్గం ఎందుకు పెట్టుకోలేదు? డబ్బు లేకా, నేతలోనే పువ్వులు తీసే జామ్‌దానీ పని దానిమీద కుదరకా, మొండితనమా? ఏదైనా సరే, కారణం ఉండాలి. తాగే నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి, బిందె ఎంత, అమ్మేది ఎవరు? సముద్రం మింగేసిన ఊళ్ళో చీరలు కొనేవాళ్ళెవరు? ఉప్పు గాలికి పట్టుదారం ఏమవుతుంది? చివరిది నాకూ తెలియదు, ఉప్పాడ వెళ్ళి నేసేవాళ్ళనే అడుగు. నీ గూగుల్ కంటే వాళ్ళు బాగా చెబుతారు. ఈ రకం రచనలో ఒక్క అబద్ధం ఆడొచ్చు. మిగతాదంతా కిరాణా కొట్టు పద్దులా సరిపోవాలి.

ఫాంటసీకీ ఇంతే. దీంతోపాటు పంపిన నీ రెండో కథలో మాంత్రికుడికి ఎవరినైనా వశం చేసుకునే విద్య ఉంది. మరి ఆయన అద్దె బాకీ పడి ఇంటి ఓనరుతో తిట్లు తింటున్నాడెందుకు? ఆ విద్య వాడితే ఆయనకేం పోతుందో తేల్చు. ఏదీ పోకపోతే అది మంత్రం కాదు, నీకు దారి దొరకనప్పుడల్లా వాడుకునే అడ్డదారి.

ఇక చదివేవాళ్ళ సంగతి. 'చందమామ' 1947లో మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారు దశాబ్దాల తరబడి అందులో మాంత్రికుల, రాక్షసుల సీరియల్స్ రాశారు. వాటికింద ఆయన పేరు ఉండేది కాదు. ఆ పేరు తెలియకుండానే మా తరమంతా నెలనెలా పోస్టుమేన్ కోసం ఎదురుచూసింది. కాబట్టి ఈ జాతికి అద్భుతం ఎక్కదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. పెద్దయ్యాక వాళ్ళకి అలాంటి కథలు పెట్టేవాళ్ళు తగ్గిపోయారు, అంతే. పెద్దవాళ్ళ కోసం రాయి. పిల్లల కథ అనుకుని ఎవరైనా బుజ్జగిస్తే ఒప్పుకోకు.

పత్రికలు తక్కువ, పారితోషికం ఇంకా తక్కువ. పండగ కథల పోటీలకి పంపు. "సొంత రచనే, అనువాదం కాదు, అనుసరణ కాదు, వేరెక్కడా పరిశీలనలో లేదు" అని హామీపత్రం మర్చిపోకు. పదాల పరిమితి దాటకు. బహుమతి రాకపోయినా "సాధారణ ప్రచురణకు" తీసుకుంటారు కొందరు. పుస్తకం వేస్తామని, ముందు డబ్బు కట్టమని ఫోన్ చేసేవాళ్ళు వస్తారు. పది కథలైనా పత్రికల్లో పడేదాకా వాళ్ళతో మాట్లాడకు.

ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి అటు కూడా చూడు. అమెరికా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం లెక్కలో ప్రొఫెషనల్ రేటు అంటే మాటకి కనీసం 8 సెంట్లు. నాలుగు వేల మాటల కథకి 320 డాలర్లు. ఆశ పుడుతుంది కదా? ప్రపంచమంతా అక్కడికే పంపుతుంది మరి. ఏఐతో రాయించిన కథలు వరదలా వచ్చిపడి 2023 ఫిబ్రవరిలో 'క్లార్క్స్‌వరల్డ్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక కొన్నాళ్ళు కథలు తీసుకోకుండా తలుపులే మూసేసింది. అనువాదాలకైతే 'స్ట్రేంజ్ హొరైజన్స్' అనే పత్రికవాళ్ళు 2017లో 'సమోవర్' అనే పత్రిక మొదలుపెట్టారు. అందులో మూలభాషలోని కథ కూడా అనువాదం పక్కనే వేస్తారు. ఉప్పాడ కథ తెలుగులోనే రాసి, నువ్వే అనువదించి పంపు. నేతగాడి కూతురు ఇంగ్లీషులో ఆలోచించకూడదు. పంపేముందు ప్రతి పత్రిక నిబంధనలూ చదువు. ఒకే కథని ఒకేసారి రెండుచోట్లకి పంపడం చాలామంది ఒప్పుకోరు.

తిరిగొచ్చిన కథని అదే రోజు ఇంకోచోటికి పంపెయ్. బాధపడాలంటే పంపాక పడొచ్చు.

ఉద్యోగం మానేస్తానన్నావు. వద్దు. అమెరికాలో ఆక్టేవియా బట్లర్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత్రి 1970లో క్లారియన్ అనే వర్క్‌షాపులో రెండు కథలు అమ్మింది. ఆ తర్వాత ఐదేళ్ళు ఒక్క మాట కూడా అమ్ముడుపోలేదు. అంట్లు తోమింది, పొటాటో చిప్స్ ఫ్యాక్టరీలో చిప్స్ పరీక్షించే పని చేసింది, తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకుంది. 1995లో మెకార్థర్ ఫెలోషిప్ అనే పెద్ద గౌరవం అందుకుంది, సైన్స్ ఫిక్షన్ రచయితల్లో మొదట ఆమెకే వచ్చింది. నిన్ను రెండింటికి లేవమనను. నీకు నైట్ షిఫ్టులున్నాయి, నిద్ర పాడుచేసుకోకు. కానీ జీతం వచ్చినన్నాళ్ళూ నీకు నచ్చని కథ రాయక్కర్లేదు. అది చిన్న స్వేచ్ఛ కాదు.

చదివి చెప్పే స్నేహితులు ఇద్దరు ముగ్గురు చాలు. వాళ్ళలో ఒకరు సైన్స్ ఫిక్షన్ ముట్టుకోనివాళ్ళైతే మంచిది. "ఇదేంటి, అర్థం కాలేదు" అనేది వాళ్ళే. మీ అమ్మగారికి చదివి వినిపించావా? ఆవిడ ఎక్కడ ఆవలించారో మార్కు చేసి పెట్టు.

సంక్రాంతి పోటీలకి ఇంకా టైముంది. ఈలోగా ఉప్పాడ వెళ్ళిరా. బిందె నీళ్ళ ధర తేల్చాక రెండో ప్రతి పంపు, అచ్చుతప్పులు నువ్వే చూసి. పోయినసారి నా కళ్ళు పోయాయి.

ఉంటాను మరి.