అనకాపల్లి వెళ్లక్కర్లేదు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. బీటెక్ అయ్యాక విశాఖ రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో చేరాను. సపోర్ట్ పని, ఎక్కువగా నైట్ షిఫ్టులు. మధురవాడలో అద్దెకుంటాం. మాకు నాలుగేళ్ల పాప. కాలేజీ రోజుల్లో హుద్‌హుద్ తుపాను చూసినప్పటి నుంచీ నా మనసు జియోగ్రఫీ మీదే ఉంది. ఈ ఏడాది పీజీసెట్ రాస్తే ఆంధ్రా యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఉద్యోగం మానేసి చేరిపోవాలని ఉంది. పీజీ అవగానే నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాస్తే జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, వస్తుంది కాబట్టి రెండేళ్లు ఓర్చుకుంటే చాలు. అమ్మకు చెబితే సరేనంది. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే మామగారికి బావమరిది చేత చెప్పిస్తే మండిపడుతున్నారు. నా భార్య ప్రైవేటు స్కూల్లో మ్యాథ్స్ టీచర్. తను నా మాట కాదనదు. ఈ వయసులో జియోగ్రాఫర్ కాగలనా? ఆ చదువుకు స్కోప్ ఉందా? మామగారిని ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో సారాంశమే. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన హార్బర్ గోడలు ఇసుక ప్రవాహాన్ని ఎలా ఆపేస్తాయో, దానివల్ల ఉత్తరాన ఆర్కే బీచ్ ఎందుకు కోతకు గురవుతుందో, పోర్టువాళ్లు డ్రెడ్జింగ్ చేసి, అంటే సముద్రం అడుగున తవ్వి, ఆ ఇసుకను మళ్లీ బీచ్‌లో ఎందుకు పోయాల్సి వస్తుందో ఒక పేజీ నిండా రాశారు. చాలా బాగా రాశారు. రోజూ ఆ బీచ్‌లో నడిచేవాళ్లలో ఎందరికి ఇది తెలుసు? మీకు ఈ సబ్జెక్టు మీద ఉన్నది సరదా కాదని నాకు నమ్మకం కుదిరింది. మీ భార్య గురించి మాత్రం నాలుగు పేజీలూ వెతికితే నాలుగైదు వాక్యాలు దొరికాయి. నేను మాట్లాడబోయేది వాటి గురించే.

మీరడిగిన వాటికి ముందు జవాబు చెప్పేస్తాను. చదవడానికి వయసు అడ్డం కాదు. స్కోప్ ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల తయారీ మీద ఆంక్షలు సడలించాక ప్రైవేటు కంపెనీలకు కూడా దారి తెరుచుకుంది. భూముల రీసర్వేకి ఊళ్ల మీద డ్రోన్లు ఎగరడం మీరూ చూసే ఉంటారు. హైదరాబాద్ బాలానగర్‌లో ఇస్రోవారి రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో భూమిని పరిశీలించే) కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఉంది, జనాభా లెక్కల శాఖలోనైతే జియోగ్రాఫర్ అన్న పేరుతోనే పోస్టులున్నాయి. అయితే ప్రభుత్వ ఉద్యోగాలకు వయోపరిమితి ఉంటుంది. ప్రైవేటు జీఐఎస్ (కంప్యూటర్ మీద మ్యాపులు, స్థల సమాచారం తయారు చేసే) ఉద్యోగాల్లో మొదట ఇచ్చే జీతం మీ ఇప్పటి జీతం కన్నా తక్కువే ఉండొచ్చు. ఇక మీరు కొండంత ఆశ పెట్టుకున్న జేఆర్‌ఎఫ్‌కు గరిష్ఠ వయసు 30. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. మీది ఏ కేటగిరీయో రాయలేదు. సడలింపు లేకపోతే నెట్ పాసై లెక్చరర్ పోస్టుకు అర్హత తెచ్చుకోగలరు, దానికి వయసు పట్టింపు లేదు. కానీ నెలకు వచ్చే ఆ 37,000 మాత్రం రాదు. ఇంటి లెక్క మొత్తం దాని మీద వేసుకుని, ఇంత ముఖ్యమైన విషయం చూసుకోలేదంటే, ఆ లెక్క ఇంట్లో ఎవరితోనూ కలిసి వేయలేదని నాకు అర్థమైంది.

ఇప్పుడు ఆ నాలుగైదు వాక్యాలకు వద్దాం. పోయినేడు మీ అమ్మగారి మోకాలి ఆపరేషన్‌కు మీ భార్య గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టారు. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. పాప పుట్టాక ఆవిడ బీఈడీ మధ్యలో ఆగిపోయింది. మీ సీటు సంగతి ఆవిడకు తన తండ్రి ఫోన్ చేసి అడిగితే తెలిసింది. విన్నాక ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒకచోట, వేరే విషయం చెబుతూ, "ఈమధ్య సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టింది, బాగా అలిసిపోతోంది" అని రాశారు.

అయ్యా, ఆ ట్యూషన్లు ఎందుకు మొదలయ్యాయో మీకు నిజంగా తట్టలేదా? మీ జీతం ఆగిపోతే అద్దె ఎలా, బంగారం మీద వడ్డీ ఎలా, పాప ఫీజు ఎలా అని ఆవిడ అప్పుడే లెక్క మొదలుపెట్టింది. లెక్కల టీచర్ కదా. పగలంతా స్కూల్లో నిలబడి పాఠం చెప్పి వచ్చి, మళ్లీ చాప పరిచి పక్కింటి పిల్లలకు గుణకారాలూ భిన్నాలూ చెబుతోంది. ఆ వేళకు మీరు షిఫ్టుకు తయారవుతుంటారు. మీరు అడగకుండానే మీ చదువుకు డబ్బు సమకూర్చడం మొదలైంది. మీరేమో తను కాదనదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నాకు ఈ విషయంలో కాస్త మొండితనం ఉంది, దాచను. భార్య సంపాదన మీద రెండేళ్లు చదువుకోవడం మగవాడికి చిన్నతనం అనుకునే కాలం మనిషిని కాను. మీ మామగారు బహుశా అలా అనుకుంటున్నారేమో, అది ఆయన తరం. నా అభ్యంతరం అడగకపోవడం మీదే. వడ్డీ వ్యాపారి దగ్గరికైనా వెళ్లి కూర్చుని, ఇంత కావాలి, ఇన్నాళ్లలో తీరుస్తాను అని చెబుతాం. ఇంటావిడ దగ్గర మాత్రం చెప్పడం కూడా అనవసరం అనుకుంటాం. మీరు తల్లికి చెప్పారు, బావమరిదికి చెప్పారు, మామగారికి కబురు పంపారు. రెండేళ్లు ఇల్లు మోయవలసిన మనిషికి చివర్న, అదీ పరాయి నోట తెలిసింది. కూతురికి తెలియని విషయం ఆమె తండ్రికి ముందు తెలిస్తే ఆయన మండిపడక ఏం చేస్తాడు? నేనైనా మండిపడతాను.

కాబట్టి మామగారిని ఒప్పించే ఆలోచన మానేయండి. అనకాపల్లి వెళ్లక్కర్లేదు. మీరిద్దరూ ఒక మాట మీద ఉన్నారని తెలిస్తే ఆయనంతట ఆయనే తగ్గుతారు. తగ్గకపోతే ఆయన కూతురే చూసుకుంటుంది.

మీకు వీక్లీ ఆఫ్ ఉన్న రోజు పాపను మీ అమ్మగారి దగ్గర వదిలి ఇద్దరూ కూర్చోండి. మీ అమ్మగారు ఆ మాటల్లో ఉండకూడదు. సీటు సంగతి ముందు చెప్పకుండా దాచినందుకు క్షమించమని అడగండి, ఆ తర్వాతే మిగతాది. కాగితం మీద అన్నీ రాయండి: అద్దె, గోల్డ్ లోన్, ఫీజులు, పీఎఫ్‌లో ఎంతుంది, ఎన్ని నెలలకు సరిపోతుంది. జేఆర్‌ఎఫ్ రాకపోతే ఏమిటన్నది కూడా రాయండి. తర్వాత మీరు మాట్లాడకండి, ఆవిడను మాట్లాడనివ్వండి. అలవాటు లేని పని కాబట్టి మొదట ఆవిడ ఏమీ అనకపోవచ్చు. లేచి వెళ్లిపోకుండా కూర్చోండి.

బీఈడీ మాట కూడా మీరే ఎత్తాలి. 2025లో మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు వేశారు. స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్‌కు ఆవిడ దరఖాస్తు చేయాలంటే బీఈడీ ఉండాలి, ఆగిపోయిన బీఈడీతో ఆ అవకాశం పోయింది. ఆ నోటిఫికేషన్ వచ్చిన రోజు ఇంట్లో ఆ మాట వచ్చిందా? నన్నడిగితే ముందు ఆవిడ బీఈడీ పూర్తి కావాలి, మీ పీజీ ఆ తర్వాత. ఇది నా అభిప్రాయం, మీ ఇంటి తీర్పు మీ ఇద్దరిదీ. మీరే ముందు చేరండి అని ఆవిడే అంటే సంతోషంగా చేరండి, కానీ ఆ బీఈడీకి ఏ సంవత్సరమో కూడా అదే కాగితం మీద రాసుకోండి. బంగారం విడిపించే తేదీ కూడా.

ఈ ఏడాది వద్దంటే సీటు వదిలేయండి. పీజీసెట్ ఏటా వస్తుంది. ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ మీద ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా నడుపుతుంది. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టక్కర్లేదు. ఇస్రో వెబ్‌సైట్ భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. మీరు నాకు రాసిన ఆ ఆర్కే బీచ్ పేజీనే మ్యాపులతో సహా తయారు చేయండి, రేపు జీఐఎస్ ఉద్యోగానికి వెళ్లినా చూపించుకోవచ్చు. షిఫ్టు మార్పించుకునే వీలుంటే పగటి షిఫ్టు అడగండి, సాయంత్రం ట్యూషన్ పిల్లల్లో సగం మందిని మీరే చూసుకోవచ్చు.