పశుసంవర్ధక డిప్లొమా చేసి ఎద సూదుల పనిలో స్థిరపడొచ్చా?

"తమ్ముడు పది పాసయ్యాడు, పశువులంటే ప్రాణం. డిప్లొమా చేయించి కృత్రిమ గర్భధారణ, అంటే ఎద సూదుల పనిలో పెట్టొచ్చా?" అని అడిగారు. పెట్టొచ్చు. ప్రకాశం జిల్లాలో పదకొండేళ్లుగా నా బతుకుతెరువు అదే.

తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ కింద ఉన్న పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఒక దారి. కేంద్రం 'మైత్రి' పథకంలో మూణ్నెల్ల శిక్షణ ఇంకో దారి: ఒక నెల క్లాసు, రెండు నెలలు ఫీల్డు. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే డిప్లొమానే చేయించండి. 2019లో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు అడిగిన చదువుల్లో అదీ ఒకటి. మైత్రిలో నెల జీతం ఉండదు, సూదికి ఇంత అని రైతు ఇచ్చేదే.

సర్టిఫికెట్ ఏదైనా, అసలు పని నేర్చుకోవాల్సింది ఎడమ చెయ్యి. భుజం దాకా గ్లౌజు తొడిగి పేడదారిలోంచి చెయ్యి పెడితే, కింద కోడిమెడలా గట్టిగా తగిలేది గర్భాశయ ముఖద్వారం. లోపల మూడు నాలుగు మడతలుంటాయి. కుడి చేత్తో గన్ను (వీర్యం లోపల వేసే సన్నటి పొడవాటి గొట్టం) తోస్తే అది పోదు, ఎడమ చేత్తో ఆ మెడనే గన్ను మీదికి తొడగాలి. చివరి మడత దాటగానే ఆగాలి. కబేళా నుంచి తెచ్చిన గర్భసంచుల మీద బాగానే చేశాను గానీ, బతికున్న గేదె దగ్గరికొచ్చేసరికి గన్ను ఎక్కడుందో తెలిసేది కాదు. సీనియర్ ఒకాయన "లోపలికి ఏం చూస్తావురా, కళ్లు మూసుకో" అనేవాడు. నిజంగానే కళ్లు మూసుకున్న రోజే మొదటిసారి తెలిసింది.

తర్వాతది టైమింగ్. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున. ఆవు అరిచి చెబుతుంది. గేదెది చాలాసార్లు మూగ ఎద, వేసవిలో మరీను. తీగ (ఎదలో జిగటగా కారే ద్రవం) వేసిందా లేదా అని రైతు భార్యనే అడగండి, పాలు పితికేది ఆమె కాబట్టి ఆమెకే బాగా తెలుస్తుంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. వీర్యం నింపిన సన్నటి గొట్టాలు, అంటే స్ట్రాలు, ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాడేముందు 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి కరిగించాలి. మూడో ఏడు నైట్రోజన్ బండి పది రోజులు లేటైంది. మూత తీస్తే పొగ వస్తూనే ఉంది కదా అని కడ్డీ ముంచి మట్టం చూడలేదు. అడుగున రెండు వేళ్ల లోతే మిగిలింది, స్ట్రాలు అప్పటికే పాడైపోయాయి. పాడైన స్ట్రా బయటికి మంచిదానిలాగే కనిపిస్తుంది. వరసగా పద్నాలుగు గేదెలకు అవే వేశాను. మూడు వారాలకు ఫోన్లు మొదలయ్యాయి, "మళ్లీ ఎదకొచ్చింది" అని. ఒక్కటీ చూడి నిలవలేదు. చాలామంది తిట్టారు. ఒక పెద్దాయన మాత్రం "ఈ ఏడు పాలు ఇంకో నెల వెనక్కి పోయినట్టేగా అయ్యా" అన్నాడు. ఆ మాటకి తిట్లే నయమనిపించింది. అప్పట్నుంచి కడ్డీ బండి డిక్కీలోనే ఉంటుంది.

ఊళ్లో అందరూ "డాక్టరు గారూ" అంటారు. వినడానికి బాగుంటుంది గానీ మనం డాక్టర్లం కాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమావాళ్లు చేయాల్సింది చిన్న చిన్న వైద్యసేవలు, అవీ రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో. ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగితే మొహమాటపడకుండా ఆస్పత్రికి ఫోన్ కొట్టడం మొదటి రోజే నేర్పండి.

డబ్బు సంగతికొస్తే, మొదటి రెండేళ్లు పెట్రోలుకే సరిపోతుంది. సూది వేసిన పశువుని రెండు మూడు నెలలకి చేత్తో చూసి చూడో కాదో చెప్పడం వచ్చాకే రైతులు నిలబడ్డారు నాకు.

అప్లికేషన్ పెట్టించేముందు ఓ వారం మీ ఊళ్లో ఎద సూదులు వేసే గోపాలమిత్ర బండి వెనకాల కూర్చోబెట్టి తిప్పండి. రాత్రి తొమ్మిదింటికి ఫోనొచ్చినా విసుక్కోకుండా చెప్పులు వేసుకుంటే చేర్పించండి.