ముందు నలుపు నేర్చుకో

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కుందేలు వెంట్రుకల గ్లేజు కోసం, అంటే నల్ల పూత మీద సన్నటి చారలు తేలే గాజుపూత కోసం, ఒకే విడతలో నలభై గిన్నెలు సారె మీద తీసి, మొదటి కాల్పు కూడా ముగించావన్నావు. గిన్నెలు ఒద్దికగా ఉన్నాయి, నీ చెయ్యి బాగా కుదిరింది. కానీ మట్టి తెల్లగా ఉంది తల్లీ. ఆ నలభైకీ నల్ల పూత వెయ్యకు. వాటిని వేరే గ్లేజుకు దాచుకో. ఈ పనికి మళ్లీ మూడు గిన్నెలు తీస్తే చాలు, అవి ఇనుమున్న మట్టితో తియ్యాలి.

ఎందుకో చెబుతాను. నువ్వు ఇష్టపడిన గిన్నెలు చైనాలోని ఫూజియాన్ ప్రావిన్స్‌లో, జియాన్‌యాంగ్ దగ్గరి షుయిజి కొండవాలుల్లో సాంగ్ రాజుల కాలంలో పుట్టాయి. అక్కడి మట్టిలోనే ఇనుము దండిగా ఉంటుంది. గిన్నెను తలకిందులు చేస్తే పూత పడని పాదం ముదురు గోధుమరంగులో, దాదాపు నల్లగా కనిపిస్తుంది. పై పూతలో ఉన్న ఇనుము అయిదు నుంచి ఎనిమిది శాతం మాత్రమే. కరిగిన పూత అడుగునున్న మట్టిని కొంచెం తినేస్తుంది, ఆ మట్టిలోని ఇనుమును తనలోకి లాక్కుంటుంది. తెల్లమట్టి మీద అదే పూత వేస్తే ఆ లోతు రాదు. చాలామంది గ్లేజు పాళ్లనే ఏళ్ల తరబడి మార్చుకుంటూ కూర్చుంటారు. నేనూ అలా మూడేళ్లు పోగొట్టుకున్నాను, నీకు ఆ బాధ వద్దు.

అలాగని మన ఊళ్లలో కుండలు చేసే ఎర్రమట్టిని తెచ్చి అచ్చంగా వాడకు. అది 1300 డిగ్రీల వేడికి నిలవదు, కుంగి కారిపోతుంది. ఎక్కువ వేడికి నిలిచే నీ స్టోన్‌వేర్ మట్టిలో ఆ ఎర్రమట్టిని నూటికి పది, ఇరవై, ముప్పై పాళ్లలో కలిపి మూడు ముద్దలు చెయ్యి. ఒక్కొక్క ముద్దతో ఒక గిన్నె తీసి, అడుగున గుర్తు గీసి కాల్చు. ఏది ఉబ్బింది, ఏది వంగింది, ఏది నిలిచిందన్నది పుస్తకంలో రాసిపెట్టుకో.

పూతకు స్టూడియో కుమ్మరులందరికీ తెలిసిన నాలుగు-మూడు-రెండు-ఒకటి లెక్కతో మొదలుపెట్టు: ఫెల్డ్‌స్పార్ (వేడికి కరిగి గాజయ్యే రాతిపొడి) 40, సిలికా 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే (తెల్ల మట్టి) 10. దీని మీద ఎర్ర ఐరన్ ఆక్సైడ్ 8. ఇంటి గోడ అడుగున పూసే జాజుకు ఆ ఎరుపునిచ్చేది ఈ ఆక్సైడే. పొడులు కలిపేటప్పుడు మాస్కు తప్పకుండా పెట్టుకో, సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఈ పూతతో నీకు వచ్చేది కుందేలు వెంట్రుకలు కాదు, నిండు నలుపు. అంచు దగ్గర పలచబడి తుప్పురంగు తేలుతుంది. ముందు ఆ నలుపు నీ చేతిలో నిలవాలి. మూడు కాల్పుల్లో మూడుసార్లూ అదే నలుపు వచ్చిందంటే నీ మందం, నీ వేడి నీకు తెలిశాయన్నమాట. ఆ తర్వాతే చారల సంగతి.

చారలు ఎలా పుడతాయో తెలిస్తే తొందర తగ్గుతుంది. ఎర్ర ఐరన్ ఆక్సైడ్ సుమారు 1230 డిగ్రీలు దాటాక తనలోని ఆక్సిజన్‌లో కొంత వదులుతుంది. ఆ వాయువు కరిగిన గాజులోంచి బుడగలై పైకి వస్తూ ఇనుమును వెంట తెస్తుంది. బుడగ పగిలిన చోట ఇనుము చిక్కబడి, చల్లారేటప్పుడు వెండి చుక్కలా స్ఫటికం కడుతుంది. దానినే నూనెచుక్క అంటారు. వేడి ఇంకా పెరిగి పూత గోడ వెంట జారితే ఆ చుక్కలే సాగి సన్నటి చారలవుతాయి, అవే కుందేలు వెంట్రుకలు. అంటే అక్కడ కుంచె పని ఏమీ లేదు. నూనెచుక్కలు కావాలంటే ఆ వేడి దాకా మంటకు గాలి బాగా అందించాలి. ముందే పొగ పెట్టావంటే ఇనుము ఆక్సిజన్‌ను ముందే పోగొట్టుకుంటుంది, బుడగ పుట్టదు. సున్నపురాయి కూడా కొంత తగ్గించాల్సి వస్తుంది. ఎంత తగ్గించాలన్నది నీ బట్టీయే చెప్పాలి.

ఇక మందం. బకెట్‌లో పూత చిలికిన గడ్డపెరుగులా ఉండాలి, మజ్జిగలా కాదు. గిన్నె ముంచి తీశాక, ఆరిన పూతను గుండుసూదితో గీసి లోతు చూడు. కరిగినప్పుడు అది తీగపాకంలా నెమ్మదిగా దిగుతుంది. షుయిజి గిన్నెల్లో పాదానికి కాస్త పైన పూత లావుగా చుట్టుకట్టి, ఒకచోట బొట్టుగా వేలాడుతూ ఆగిపోతుంది. ఆ బొట్టు చూసినప్పుడల్లా నాకు ఊపిరి ఆగినట్టుంటుంది. ఇంకో అర నిమిషం వేడి ఎక్కువైతే అది పాదాన్ని తాకి గిన్నె అతుక్కుపోయేదే. నా మొదటి బట్టీలో పదకొండు గిన్నెలు కింద పేర్చిన పలకకు అతుక్కున్నాయి, ఉలితో కొడితే పాదాలు ఊడివచ్చాయి. నువ్వు పాదానికి వేలెడు పైనే పూత ఆపి, కింద మట్టిబిళ్ల పెట్టు. షుయిజి కుమ్మరులూ ఒక్కో గిన్నెను బిళ్ల మీద నిలిపి, విడి మట్టిపెట్టెలో ఉంచి కాల్చేవారు. అక్కడ తవ్వకాల్లో బయటపడిన బట్టీల్లో ఒకటి 135 మీటర్లకు పైగా పొడవుంది. అంత నైపుణ్యం ఉన్నా ఆ వాలుల్లో పగిలిన పెంకులు నేటికీ కుప్పలుగా ఉన్నాయి.

చల్లార్చడంలో ఒక్కమాట: మరీ నెమ్మదైతే నలుపు మీద గోధుమరంగు పొర కట్టేస్తుంది.

గిన్నె ఆకారం మాత్రం మార్చకు. పెదవికి కాస్త కింద వేలికి తగిలే గాడి ఉంటుంది చూశావా, అది అలంకారం కాదు. అప్పట్లో తేయాకును పొడి కొట్టి, వేడినీళ్లు పోసి, వెదురు కుంచెతో తెల్లటి నురగ వచ్చేలా గిలక్కొట్టేవారు. ఆ గాడి నీటికి కొలత, నురగకు కట్ట. 11వ శతాబ్దిలో టీ మీద పుస్తకం రాసిన సాంగ్ అధికారి చాయ్ షియాంగ్ చెప్పిందీ ఇదే: టీ తెల్లన కాబట్టి గిన్నె నల్లగా ఉండాలి, గోడ మందంగా ఉండటం వల్ల వేడి చాలాసేపు నిలుస్తుంది. టీ పోటీల్లో నురగ విడిపోయి నీటి చార ముందు కనిపించినవారు ఓడినట్టు. ఆ చార నల్లటి గోడ మీద స్పష్టంగా తెలుస్తుంది. 1107లో హుయ్‌జోంగ్ చక్రవర్తి టీ మీద రాసిన గ్రంథంలో నీలిఛాయ నలుపు మీద వెంట్రుక చారలు తేలినదే మేలన్నాడు. 1391లో మింగ్ చక్రవర్తి ముద్ద టీ (పొడి కొట్టి గిలక్కొట్టేది) కప్పాన్ని రద్దు చేశాక విడి ఆకు టీ పెరిగింది, నల్ల గిన్నె అవసరం తీరిపోయింది. అందుకే చెబుతున్నాను, నీ గిన్నెలో ముందు నువ్వు టీ గిలక్కొట్టి తాగు. నురగ నిలవకపోతే, చేతికి బరువు అమరకపోతే, పూత ఎంత అందంగా ఉన్నా మళ్లీ తియ్యి.

జపాన్‌లో జాతీయ సంపదలుగా దాచుకున్న మూడు యోహెన్ గిన్నెల (రంగులు మెరిసే చుక్కలున్న నల్ల గిన్నెల) ఫొటో కూడా పంపావు. నీలి మెరుపు గల ఆ చుక్కల వెంట ఇప్పుడు పడకు. చూసి ఆనందించు, అంతే.

మూడు గిన్నెలూ కాలాక ఫొటోలు పంపు. పైభాగం కంటే ముందు పాదాలు తియ్యి, పగటి వెలుతురులో, దగ్గరగా. పూత ఎక్కడ ఆగిందో చూసి తర్వాతి కాల్పుకు ఏం మార్చాలో రాస్తాను.

మీ పెద్దమ్మ