45, 40 కలిపితే 85 రావాల్సింది పోయి 4540 వస్తోంది – సమాధానం

రెండు మార్కులు కలిపే ప్రోగ్రాంలో 45, 40 ఇస్తే 85 బదులు 4540 ఎందుకు వస్తోందని అడిగారు. మీ లెక్క సరైనదే, తేడా పైథాన్ (ప్రోగ్రాంలు రాసే భాష) వెర్షన్‌లో ఉంది. నెట్‌లో దొరికిన ఆ మార్కుల ప్రోగ్రాం పైథాన్ 2 కోసం రాసింది, మీరు రన్ చేస్తున్నది పైథాన్ 3లో. ప్రింట్‌కి (ఫలితాన్ని తెరపై చూపించే ఆదేశం) బ్రాకెట్లు పెట్టేదాకా ఎర్రర్ వచ్చిందన్నారు కదా, అదే ఆనవాలు.

చాలామంది ప్రింట్ సరిచేసి అక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు ఇన్‌పుట్ దగ్గర, అంటే మనం కొట్టింది తీసుకునే ఆదేశం దగ్గర. పైథాన్ 2లో ఇన్‌పుట్‌కి 45 అని కొడితే సంఖ్యగానే తీసుకునేది. పైథాన్ 3లో ఏం కొట్టినా స్ట్రింగే, అంటే సంఖ్య కాదు, ఉత్త అక్షరాల వరుస. రెండు స్ట్రింగుల మధ్య ప్లస్ పెడితే కూడిక చెయ్యదు, పక్కపక్కన అతికిస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు, అందుకే దొరకడం కష్టం.

1. ఇన్‌పుట్ ఉన్న ప్రతి లైనులో, ఈక్వల్ గుర్తు తర్వాత ఇంట్ (int, పూర్ణ సంఖ్యగా మార్చేది) అని రాసి, ఇన్‌పుట్ భాగమంతా దాని బ్రాకెట్లలో పెట్టండి. లైను చివర మూసే బ్రాకెట్లు రెండు ఉండాలి. ఒకటి మర్చిపోతే సింటాక్స్ ఎర్రర్ (రాసిన తీరులో తప్పు).
2. అర మార్కులుంటే ఇంట్ బదులు ఫ్లోట్ (float, దశాంశ సంఖ్యగా మార్చేది). ఇంట్‌కి 42.5 ఇస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది.
3. సగటు 42.5 అని వస్తే కంగారు పడకండి, అదే సరైనది. 85ని 2తో భాగిస్తే పైథాన్ 2 మాత్రమే 42 అనేది.

పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయినా పాత పేజీలు ఇంకా నెట్‌లో ఉన్నాయి. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ చూసేటప్పుడు పేజీ పైన వెర్షన్ నంబరు 3తో మొదలైందో లేదో చూసుకోండి. ప్రోగ్రాంని రికార్డు పుస్తకంలో ఎక్కించే ముందు 45, 40 ఇచ్చి మళ్లీ ఒకసారి రన్ చెయ్యండి.