హోటల్ పనిలో మనసుకు తగిలేది కస్టమర్ తిట్లేనా?

మీ తమ్ముడు ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్‌లో చేరాలనుకుంటున్నాడనీ, అక్కడి అవమానాల గురించి విన్నవన్నీ నిజమేనా అనీ అడిగారు. నేను కొన్నేళ్లు అలాంటి చోట్లే మొదట గిన్నెలు కడిగాను, తర్వాత కౌంటర్‌లో నిలబడ్డాను, చివరకు టేబుళ్ల దగ్గర వడ్డించాను. విన్నవి చాలావరకు నిజమే కానీ, నా అనుభవంలో కస్టమర్ల దురుసుతనం కంటే పనిని ఏర్పాటు చేసిన తీరే మనిషిని ఎక్కువగా చిన్నబుచ్చుతుంది.

చిటికె వేసి పిలవడం, ముఖం చూడకుండా చేత్తో సైగ చేసి పంపేయడం, వంటగదిలో జరిగిన ఆలస్యానికి ప్లేటు తెచ్చినవాడిని తిట్టడం రోజూ ఉండేవే. తిట్టిన మనిషి వెళ్లిపోయాక లోపలికొచ్చి అతని మాటతీరును అనుకరించి నవ్వుకుంటే సగం బరువు దిగిపోతుంది. తిట్లు పడుతున్నంతసేపూ ముఖాన నవ్వు చెదరకూడదన్న నియమం మాత్రం అంత తేలిగ్గా దిగదు. జీతం కోసం భావాలను అదుపులో పెట్టుకోవడం కూడా శ్రమేనని సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే విమాన సిబ్బందిని పరిశీలించి చెప్పారు. ఆ శ్రమకు విడిగా కూలి కట్టిన యజమానిని నేను చూడలేదు.

కౌంటర్ ముందు ఎవరూ లేకపోయినా కూర్చోకూడదు కనుక, అప్పుడే తుడిచిన బల్లను మళ్లీ తుడుస్తూ పని ఉన్నట్టు కనిపించాలి. మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఎదిగిన మనిషి అనుమతి అడగాలి, రద్దీ వేళల్లో "కాసేపు ఆగు" అనిపించుకోవాలి. మిగిలిన ఆహారాన్ని ఆకలితో ఉన్న సిబ్బంది ఎదుటే చెత్తలో వేయించి, ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్ల సంచులు విప్పి చూసేవారు. మేనేజర్ సంచిని ఎవరూ విప్పమనేవారు కాదు.

అన్నిటికంటే నన్ను బాధించింది జబ్బు చేసినప్పటి వ్యవహారం. వాంతులు, విరేచనాలు అయినవారు అవి తగ్గాక కూడా కనీసం 48 గంటలపాటు ఇతరులు తినే ఆహారాన్ని ముట్టకూడదని ఆరోగ్య నిపుణులు చెబుతారు, ఎందుకంటే వాటికి తరచూ కారణమయ్యే నోరోవైరస్ అనే సూక్ష్మక్రిమి చేతుల ద్వారా ఎంతోమందికి పాకుతుంది. చేతులు కడుక్కోమనే బోర్డు గోడకు ఉండేది, కానీ సెలవు అడిగితే "నీ బదులు మనిషిని నువ్వే వెతుక్కో" అనేవారు, మనిషి దొరక్కపోతే రావాల్సిందే, రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. దాంతో కడుపు పట్టుకుని వచ్చి వడ్డించినవాళ్లు ఉన్నారు. ఇందులో నష్టపోయేది సిబ్బంది మాత్రమే కాదని తినేవారికి తెలియదు.

ఇవన్నీ ఎవరూ పట్టించుకోని సంగతులేమీ కావు. టిప్పులు వచ్చినా రాకపోయినా హోటల్ కార్మికులకు క్రమం తప్పకుండా మూల వేతనం చెల్లించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో ఒక ఒప్పందమే చేసింది, అయితే దాన్ని ఆమోదించిన దేశాలు తక్కువ. పనిచోట హింస, వేధింపులపై 2019లో చేసిన మరో ఒప్పందం బయటివారి నుంచి, అంటే కస్టమర్ల వంటివారి నుంచి ఎదురయ్యే వేధింపులను కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. మా దగ్గర తరచూ వచ్చే ఒక పెద్దమనిషి నాతో పనిచేసే అమ్మాయి చేయి పట్టుకుంటే, ఫిర్యాదు విన్న మేనేజర్ ఆ అమ్మాయిని గిన్నెల దగ్గరికి మార్చాడు. ఆమెకు టిప్పులు పోయాయి, అతని టేబుల్ అతనికే ఉంది.

మీ తమ్ముడిని చేరవద్దని నేను అనను. షిఫ్టుల పట్టిక ఎన్ని రోజుల ముందు ఇస్తారో, మధ్యాహ్నం ఖాళీగా ఉంచే గంటలకు జీతం ఉందో లేదో, జబ్బు చేస్తే బదులు మనిషిని ఎవరు చూస్తారో, పగిలిన గ్లాసులకు జీతం కోస్తారో, టిప్పులు ఎలా పంచుతారో చేరేముందే అడగమనండి. మొదటి రోజు నుంచే పనిచేసిన గంటలను సొంతంగా రాసిపెట్టుకోమనండి, ఎందుకంటే తలుపులు మూశాక నేల కడిగే సమయం చాలాచోట్ల లెక్కలోకి రాదు.