మాల వేసుకునేలోపు నీకో మాట

చిన్నా,

ఆదివారం నువ్వు మాల వేసుకుంటున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. ఒకసారి మెడలో మాల పడ్డాక నిన్ను ఒరేయ్ అనడానికి నాకు నోరు రాదు, రాకూడదు కూడా. 41 రోజులు నువ్వు నాకు స్వామివి. స్వామిని కోప్పడలేం. అందుకే కోప్పడాల్సింది ఏదైనా ఉంటే ఇవాళే అయిపోవాలని పొద్దున్నే కాఫీ తాగి కూర్చున్నా.

ముందు సంతోషం చెప్పనీ. నేను 27 సార్లు శబరిమల కొండకి వెళ్లాను. మన ఇంట్లో నా తర్వాత మాల వేసుకున్నది మీ నాన్న ఒక్కడే, అదీ ఒక్కసారే. మీ తరంలో ఎవరూ వేసుకోరేమో అనుకున్నా. ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే అనుకున్నావని వినేసరికి కళ్లనీళ్లు ఆగలేదురా. మీ పెద్దమ్మ కంగారుపడి ఏమైందని అడిగింది కూడా.

ఆ తర్వాత మీ నాన్న నీ ప్లాన్ చదివి వినిపించాడు. హైదరాబాద్ నుంచి నలుగురూ మీ కారులోనే వెళ్తారట. డిసెంబరు మూడో వారంలో దర్శనం. అయ్యాక రెండు రోజుల్లో గవి, కోన్ని, అడవి అనే చోటు, పెరుంతేనరువి, ఆరన్ముల, పందళం చుట్టేసి వచ్చేస్తారట. ఆ లిస్టులో ఒక పేరు విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. దాని సంగతి చెబుతా, ఆగు.

నీకు తెలిసినవి త్వరగా చెప్పేస్తా. వర్చువల్ క్యూ టికెట్ ముందే బుక్ చేసుకోండి, ఆధార్ దగ్గర ఉంచుకోండి. 2018 వరదల్లో పంబ ఒడ్డు కొట్టుకుపోయాక బండ్లు ఎక్కువగా ఆపేది నిలక్కల్‌లో, అక్కణ్నుంచి ఆర్టీసీ బస్సు ఎక్కాలి. ఇరుముడిలో ప్లాస్టిక్ పెట్టకండి. పంబలో బట్టలు వదలకండి. అది ఆచారం కాదు, నదికి ద్రోహం. మునిగేటప్పుడు ముక్కు గట్టిగా మూసుకో. ముక్కులోకి నీళ్లు పోనివ్వొద్దని 2025 సీజన్‌లో కేరళ ఆరోగ్య శాఖ మరీ మరీ చెప్పింది.

కారు సంగతి. మీలో నలుగురికీ డ్రైవింగ్ వచ్చు కదా అంటావు. నలుగురూ నిద్రమత్తులోనే ఉంటారు, అదీ నా టెన్షన్. ఎరుమేలి దాటాక కణమల దిగుడు వస్తుంది. మన వైపు నుంచి వెళ్లే బండ్లకి ఆ మలుపులు అలవాటుండవు. చిన్న గేర్‌లో దిగాలి, బ్రేకు ఒక్కటే నమ్ముకుని దిగితే అది కాలిపోతుంది. రైల్లో చెంగన్నూరు దాకా వెళ్లి, అక్కడ లోకల్ డ్రైవర్‌తో బండి మాట్లాడుకోండి. డబ్బులు తక్కువైతే నేను ఇస్తాను. నువ్వు సంపాదిస్తున్నావని తెలుసు, అయినా ఇస్తాను.

కొండ ఎక్కడం పంబ నుంచి ఓ 5 కిలోమీటర్లు. నీలిమల దగ్గర మొదలవుతుంది అసలు ఏటవాలు. కుర్రాళ్లు అక్కడే పరిగెత్తి అప్పాచిమేడు చేరేసరికి గుండె పట్టుకుంటారు. దారి పొడవునా ఆక్సిజన్ ఇచ్చే గదులు ఊరికే పెట్టలేదు. మీలో ఎవరైనా రోజూ వేసుకునే మాత్రలుంటే దీక్ష పేరు చెప్పి మానొద్దు. ఒక్కో శరణానికి ఒక్కో అడుగు వెయ్యి, అంతే.

ఇప్పుడు, మెడలో మాల ఉండగా ఊళ్లు తిరగొచ్చా అని నువ్వు మీ నాన్నని అడిగావట. తిరగొచ్చు. నా లెక్క ఇది. పత్తనంతిట్ట జిల్లాలో సగానికి పైగా అడవే. ఆ అడవిని మనం స్వామివారి పూంగావనం అంటాం, అంటే ఆయన పూలతోట. తోటకి వెళ్లి యజమానికి దండం పెట్టి, తోట వైపు చూడకుండా వచ్చేయడం నాకెప్పుడూ నచ్చలేదు. నేను మొదటి ఆరేడు సార్లు అలాగే వచ్చాను, గోపురం తప్ప ఏమీ చూడకుండా. పందళం ఆయన పెరిగిన ఇల్లు, అక్కణ్నుంచే తిరువాభరణాలు బయల్దేరతాయి. ఆరన్ముల నుంచి మండల పూజకి బంగారు అంగీ వెళ్తుంది, 1973లో తిరువితాంకూరు మహారాజు చిత్తిర తిరునాళ్ సమర్పించింది. ఇవన్నీ యాత్రలో భాగమే. కాకపోతే మాల తీసేది ఇంటికొచ్చాకే, మీ అమ్మ చేతుల మీదుగా. అప్పటిదాకా నియమం నియమమే.

ఇక ఆ పేరు సంగతి. పెరుంతేనరువి.

1996 నవంబరు. నన్ను గురుస్వామి అని పిలవడం అప్పుడప్పుడే మొదలైంది. మీ నాన్నకి 23 ఏళ్లు, కన్నెస్వామి, అంటే మొదటిసారి మాల. మేం మొత్తం 11 మందిమి. రాత్రంతా క్యూలో నిలబడి తెల్లవారుజామున 18 మెట్లు ఎక్కాం. నెయ్యాభిషేకం అయింది. మధ్యాహ్నానికి పంబకి దిగాం. రైలు మర్నాడు. హాయిగా పడుకుని లేచి వెళ్లొచ్చు. కానీ నాకు ఒకటే ఆరాటం, ఇంత దూరం వచ్చాం, మళ్లీ అందరం ఎప్పుడొస్తామో, ఏదో ఒకటి చూపించాలని. జీపు మాట్లాడాను. రాన్ని అవతల వెచ్చూచిర దగ్గర ఆ జలపాతం. పేరుకి పెద్ద తేనె వాగు అని అర్థం. పై నుంచి దూకే జలపాతం కాదది. పంబ నది పెద్ద బండరాళ్ల మీద వెడల్పుగా పరుచుకుని అంచు దగ్గర కిందికి జారుతుంది. చూస్తే మన ఊరి కాలవ రేవులా ఉంటుంది, భయం వెయ్యదు. అదే దాని ప్రమాదం.

ఒడ్డున ఒకావిడ బట్టలు ఉతుక్కుంటోంది. మేం రాళ్ల మీదికి దిగుతుంటే చెయ్యి ఊపుతూ "వళుక్కుం! వళుక్కుం!" అని అరిచింది. స్వాములని చూసి ఏదో పలకరిస్తోంది అనుకుని నేను రెండు చేతులూ జోడించి స్వామి శరణం అన్నాను. మీ నాన్న ఆగాడు. "అన్నయ్యా, ఆవిడ వద్దంటున్నట్టుంది" అన్నాడు. నేను వెనక్కి తిరిగి "ఏం కాదు, రారా" అన్నాను.

ఆ రాయి పైకి ఎండినట్టే కనిపించింది. మీద పల్చగా పాచి. కొండ ఎక్కి దిగిన కాళ్లు, అరికాళ్లు బొబ్బలు, రెండు రాత్రులు నిద్ర లేదు. మీ నాన్న రెండో అడుగులోనే వెల్లకిలా పడ్డాడు. నూనె మీద జారినట్టు చప్పుడు లేకుండా అంచు వైపు వెళ్లిపోయాడు. తల మీద కట్టుకున్న నల్ల తువ్వాలు ఒకటి నీళ్ల మీద తేలి నా కాలికి తగిలింది. మనిషి లేడు. రెండు బండల మధ్య సందులో ఎడమ మోకాలు ఇరుక్కుని ఆగింది కాబట్టి బతికాడు. ఆ మోకాలు విరిగే అతన్ని నిలబెట్టింది. బట్టలు ఉతికే ఆవిడే కేకలేసి ఇద్దర్ని పిలిచింది. వాళ్లు తాడుతో దిగారు. నేను ఏం చేశానో నాకు గుర్తు లేదు.

ఆసుపత్రిలో 19 రోజులు. మా అమ్మకి ఎస్టీడీ బూత్ నుంచి జ్వరమని చెప్పాను. అక్కడి నర్సమ్మ దగ్గర నేర్చుకున్నా, వళుక్కుం అంటే జారుతుంది అని. ఆ ఒక్క మాట నాకు ముందు తెలిసుంటే అని ఇప్పటికీ అనుకుంటా. కానీ అది అబద్ధం. చెయ్యి ఊపితే అర్థం కావడానికి మలయాళం రానక్కర్లేదు.

నీ అక్షరాభ్యాసం ఫోటో చూడు. అందరూ కింద కూర్చుంటే మీ నాన్న చిన్న స్టూలు మీద కూర్చుని నీ చేత ఓం రాయిస్తుంటాడు. ఆయనకి బాసింపట్టు వేసుకోవడం రాదు కాబట్టి. బండి మీంచి పడ్డానని నీకు చెప్పాడు. మీ అమ్మకీ అదే చెప్పాడు. ఇన్నేళ్లూ నా తప్పు మీద తన మాట కప్పాడు. నిన్న రాత్రి అడిగాను, వాడికి చెప్పెయ్యనా అని. చాలాసేపు మాట్లాడలేదు. "నీ ఇష్టం అన్నయ్యా, కానీ నిన్ను నువ్వు తిట్టుకుంటూ రాయకు" అన్నాడు.

కాబట్టి వినరా. దర్శనం అయిన రోజు ఎక్కడికీ వెళ్లొద్దు. ఒక రాత్రి నిండా నిద్రపోండి. పెరుంతేనరువి ఒడ్డు మీంచి చూడండి, రాతి మీద అడుగు పెట్టొద్దు. అక్కడిప్పుడు చిన్న జల విద్యుత్ కేంద్రం కూడా ఉంది, నీటి వాలు మారుతుంటుంది. నీ ఫ్రెండ్స్ దిగుదామంటే నువ్వు దిగనని కూర్చో. వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. మా పెదనాన్న దగ్గర ఒట్టు పెట్టానని చెప్పు. ఈ ఉత్తరం చదివాక ఆ ఒట్టు నిజంగానే పెట్టు.

గవికి మాత్రం తప్పకుండా వెళ్లు. రోజుకి ఇన్ని బండ్లే అని లెక్క ఉంటుంది, ఆంగమూళి వైపు నుంచి వెళ్లేందుకు ముందే అనుమతి తీసుకోవాలి. నన్నడిగితే పత్తనంతిట్ట నుంచి గవి మీదుగా కుమిళి వెళ్లే ఆర్టీసీ బస్సే మేలు. డ్రైవర్‌కి ప్రతి మలుపూ తెలుసు. కిటికీ పక్కన కూర్చో. మూళియార్, కక్కి డ్యాముల నీళ్లు కొండల మధ్య కనిపిస్తాయి. సింహపు తోక కోతులు, నల్ల కొండముచ్చులు, అదృష్టం ఉంటే ఏనుగులు. ఏనుగుని అక్కడ ఆన అంటారు, ఈ మాట కూడా గుర్తుపెట్టుకో. గవిలో ఏలకుల తోటల్లో పనిచేసేవాళ్లలో చాలామంది 1964లో మన దేశం, శ్రీలంక చేసుకున్న ఒప్పందం తర్వాత శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాల వాళ్లు. వాళ్ల దగ్గర టీ తాగి రెండు మాటలు మాట్లాడు.

కోన్నిలో ఏనుగుల శిబిరం ఉంది. 1942లో పెద్ద పెద్ద దుంగలతో కట్టిన ఆనక్కూడు చూడొచ్చు. పట్టుకొచ్చిన అడవి ఏనుగుల్ని అందులో పెట్టి లొంగదీసేవాళ్లు. నాకు అక్కడ ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు. దగ్గర్లోనే అడవి అని పిలిచే చోట కల్లార్ నదిలో పుట్టి ఎక్కిస్తారు, మన కృష్ణలో తిప్పే పుట్టిలాంటిదే. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కావని తెలిస్తే ఊరుకోను.

ఆరన్ములకి చివర్లో వెళ్లు, తొందర లేకుండా. పంబ ఒడ్డునే పార్థసారథి గుడి. మన తిరుమల, అహోబిలం లాగే 108 దివ్యదేశాల్లో ఒకటి. మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక పొద్దున బస్సెక్కి అక్కడికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. ఏమని దండం పెట్టుకున్నానో నీకు చెప్పక్కర్లేదు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి అక్కడి లోహపు అద్దం ఒకటి కొన్నాను, రూపాయి బిళ్లంత. ఆరన్ముల కన్నాడి అంటారు. గాజు కాదు, రాగి, తగరం కలిపి పోత పోసి రోజుల తరబడి రుద్దితే వచ్చే మెరుపు. అగ్గిపుల్ల కొన దానికి ఆనిస్తే పుల్లకీ నీడకీ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండదు. మామూలు అద్దంలో ఉంటుంది, ఆనించి చూడు.

మన దేవుడి గదిలో ఉన్నది అదే. నువ్వు చిన్నప్పుడు దాన్ని నాణెం అనుకుని జేబులో వేసుకున్నావు. వానాకాలం చెమ్మకి రెండేళ్లుగా మసకబారింది. శనివారం మీ నాన్న ఇక్కడికి వస్తున్నాడు, పాత పంచె ముక్కలో చుట్టి అతనికి ఇస్తాను. ఆరన్ములలో తయారుచేసే ఇళ్లకే తీసుకెళ్లి, మళ్లీ మెరుగు పెట్టి ఇస్తారేమో అడుగు. దారిలో తడి తగలనివ్వకు, వేళ్లతో ముట్టుకోకు.

మీ పెదనాన్న